నలభై ఏడో రాయి

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను చెల్లాయ్. మధ్యాహ్నం దాటేసరికి ఎలాగూ మీ వీధిలో ఉంటాను. మనిషే వస్తుంటే ముందు కాగితం రావడమేమిటని నీకే నవ్వొస్తుంది. కానీ మీ వదిన ఒప్పుకోలేదు. ఆవిడ ఒప్పుకోకపోవడం ఈ పొద్దుటి సంగతి. అంతకుముందు పందొమ్మిదేళ్లుగా ఒప్పుకోనిది నేను.

ముందు మర్యాద కానివ్వు. చిరంజీవి చెల్లెలికీ, రేపటి పెళ్లికూతురికీ అన్నయ్య నిండు దీవెనలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం, మీరక్కడ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఈ వాక్యం ఎన్ని వందలసార్లు రాశానో, చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. ఈసారి రాసి ఆగి చూసుకున్నాను. ఒంట్లో క్షేమమే. మిగతా విషయంలో ఆ మాట కొట్టేసి మళ్లీ రాయాలి గానీ, ఏం రాయాలో తోచక అలాగే ఉంచేశాను.

ఇప్పుడు నేను కొండ నెత్తి మీద, రోడ్డు ఎక్కడం మానేసి దిగడం మొదలుపెట్టే చోట, టీ దుకాణం ముందు బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున పదకొండయింది. మా అద్దె కారు బానెట్ ఎత్తుకుని ఆవిర్లు కక్కుతోంది, డ్రైవరు దానికి నీళ్లు పట్టిస్తున్నాడు. కాగితం ఉందా అని అడిగితే దుకాణం ఆవిడ గోడ మీది పోయినేడాది క్యాలెండరు దించి ఇచ్చింది, వెనకవైపు తెల్లగా ఉంటుందని. అందుకే పేజీలు ఇంత వెడల్పు. కాగితం పెద్దదని విషయం పెద్దదనుకోకు అని రాయబోయాను. పెద్దదే.

మీ వదిన నాకు పాతికడుగుల దూరంలో పిట్టగోడ మీద, నావైపు వీపు పెట్టి కూర్చుంది. కొండలు చూడాలని ఆవిడకి ఎప్పటినుంచో కోరిక. చూస్తోంది. నా పెన్ను ఆగినప్పుడల్లా మాత్రం తల తిప్పుతోంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. రేపు పది గంటలకి పెళ్లి పుస్తకంలో, పెళ్లికూతురి తండ్రి సంతకం పెట్టాల్సిన గడిలో నన్ను పెట్టమన్నావు. దానికోసం కొత్త పెన్ను కూడా కొన్నాను. ఈ ఉత్తరం చదివాక ఆ గడిలో నా సంతకం ఉండాలో, అసలు నీ గుమ్మంలో నా చెప్పులు ఉండాలో నువ్వే తేల్చు. చివరిదాకా చదివే తేల్చు. తిన్నగా విషయానికొచ్చే రకం కాదు నేను, నీకు తెలుసు.

నీ పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. మోకాలు ఉంది, దాంతోపాటు నొప్పీ ఉంది, ఇద్దరూ ఎక్కడికైనా కలిసే వెళుతున్నారు. కోటు సరిపోయింది, బొత్తాలు పెట్టనంతవరకు. హాలు ముందు పెట్టడానికి బోర్డు రాయమన్నావు కదా, రాశాను. దుప్పట్లో చుట్టి డిక్కీలో పడుకోబెట్టాను. పెళ్లికొడుకు పేరు దగ్గర ఒక గీత పక్కకి పోయింది. ఆ గీతనే తీగ చేసి దానికి రెండు ఆకులు తగిలించాను. ఎవరూ కనిపెట్టలేరు. తప్పుని పువ్వు చేయడం మా వృత్తిలో మొదట నేర్చుకునే విద్య.

ఇంకో ప్రశ్న అడిగావు, దాని కింద గీత కూడా గీశావు. "మీ బావ పోయిన రోజు టైముకి రాని ఆ జీపు డ్రైవరు కూతురు, మన పిల్లతో పాటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. ఇద్దరూ ఒక్క ప్రాణం. వాళ్ల నాన్నని పెళ్లికి పిలవకపోతే ఊరుకోనని పిల్ల మొండికేసింది. ఆయన్ని రోడ్డు మీద చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. పిలవనా, వద్దా? నువ్వెలా చెబితే అలా చేస్తాను అన్నయ్యా." ఇదీ నీ ప్రశ్న. దీనికి జవాబు రాయలేకే పది రోజులు నీకు ఉత్తరం వేయలేదు. తపాలా ఆలస్యమని చెబుదామనుకున్నాను. ఇప్పుడు రాస్తాను, కొంచెం ఆగు.

ఇన్నాళ్లూ మీ ఊరికి రైల్లోనే వచ్చాం, కొండల్ని చుట్టుకుని, పద్దెనిమిది గంటలు. కొండ దారిలో ఆరు గంటలే కదా అన్నయ్యా అని నువ్వు ఎన్నిసార్లు అడిగావో! మలుపులు పడవు, కడుపులో తిప్పుతుంది అన్నాను. నలభై ఏళ్లు నిచ్చెన చివర నిలబడి గోడల మీద అక్షరాలు రాసినవాడికి కడుపులో తిప్పడమేమిటని మీరెవరూ అనలేదు. నా మాట అంటే మీ అందరికీ అంత నమ్మకం.

ఈసారి మీ వదిన నాకు చెప్పకుండా కారు మాట్లాడేసింది. "నాకు అరవై ఎనిమిది నిండాయి. కొండలు చూడకుండానే పోవాలా? మీకు తిప్పితే మీరు రైల్లో రండి, నేను కార్లో పోతా" అంది. ఆవిడని ఒక్కదాన్నీ ఆ దారిన పంపడానికి నాకు ధైర్యం చాలలేదు. పక్కన ఉంటే ఏదో కథ చెప్పి కిటికీ వైపు చూడనివ్వకుండా లాక్కురావచ్చు అనుకున్నాను. అంత బతుకూ బతికి నేను వేసుకున్న పథకం అది.

డ్రైవరుకి మేం పెట్టిన పేరు 'అలాగే'. ఏం చెప్పినా ఆ ఒక్కమాటే. నెమ్మదిగా పోనివ్వు నాయనా అంటే అలాగేనండి అంటాడు, బండి మాత్రం తన ఇష్టమొచ్చినట్టు పోతుంది. పొద్దున ఆరింటికి బయలుదేరాం. మొదటి ఇరవై కిలోమీటర్లు కళ్లకి పండగే. మంచు లోయలో పాలు పొంగినట్టు పైకి వస్తోంది, దాని మీద కొండల కొనలు మాత్రం తేలుతున్నాయి. ఎండ తగిలిన వైపు బండలు ఇటుక రంగు, తగలని వైపు నీలం. ఆ నీలం డబ్బాల్లో దొరకదు. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు మూడు రంగులు కలిపి చూశాను, బురద వచ్చింది. ఒక మలుపు తిరిగితే గొర్రెల మంద రోడ్డంతా పరుచుకుని, మమ్మల్ని చూసి ఏమాత్రం మర్యాద చేయలేదు. మీ వదిన చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఇరవై అయిదో కిలోమీటరు దగ్గర ఆవిడకి కడుపులో తిప్పడం మొదలైంది. చూశావా, నేను ఆడిన అబద్ధం ఆవిడకి నిజమైంది.

డ్రైవరు అద్దంలో చూసి, "పెద్దమ్మా, కళ్లు మూసుకోకండి. ఏదన్నా పైకి చదువుతూ ఉండండి, సర్దుకుంటుంది" అన్నాడు.

"ఏం చదవను? పుస్తకం తెచ్చుకోలేదే."

"రాళ్లు చదవండి. కిలోమీటరుకొకటి వస్తుంది."

"అవునే! ఈ రాళ్లన్నీ మా ఆయన రాసినవే. పెళ్లినాటి నుంచి వింటున్నా ఆ గొప్పలు" అంది మీ వదిన. అని, "ఇరవై ఆరు" అని గట్టిగా చదివింది.

నిజమే, ఆ గొప్పలు చెప్పాను. నలభై నాలుగేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు, కొండ కింద నుంచి పైదాకా రాళ్లకి సున్నం కొట్టి అంకెలు వేసింది నేనే. నేను బడికి పోలేదని నీకు తెలుసు. గోడల మీద రాసేవాడి దగ్గర చేరి, అక్షరాల్ని బొమ్మలనుకుని దించుకుంటూ నేర్చుకున్నాను. నేను మొట్టమొదట రాసిన వాక్యం 'ఇచ్చట ఉమ్మివేయరాదు'. దాని అర్థం తెలిసేసరికి ఊళ్లో అరవై చోట్ల రాసి ఉన్నాను, అందులో కొన్నిచోట్ల ఉమ్మి కూడా ఉన్నాను. అక్షరాలకంటే నాకు అంకెలంటే ఇష్టం. అక్షరానికి పక్కవాడి సాయం కావాలి, అంకె ఒక్కటీ నిలబడుతుంది. నాలుగుకి కింద చిన్న తోక తిప్పడం నా అలవాటు. నా తర్వాత రంగులు వేసిన వాళ్లందరూ నా గీత మీదే కుంచె తిప్పుకుంటూ పోయారు. అందుకే ఇవాళ్టికీ ఆ తోక ఉంది. ఆవిడ దాన్ని చూసి, "మన ఇంటి గేటు మీది నాలుగే!" అని మురిసింది.

చెల్లాయ్, మళ్లీ పక్కదారి పట్టాను. పట్టనివ్వు. ఇంకాసేపట్లో ఆ దారులన్నీ మూసుకుపోతాయి.

నలభై దాటాక ఆవిడే అంది, "నలభై ఏడు దగ్గర ఒక్క నిమిషం ఆపు బాబూ. మా అన్నయ్యగారు పోయిన చోటు. రేపు ఆయన కూతురి పెళ్లి. ఒక మాట చెప్పి వెళదాం." డ్రైవరు అలాగేనండి అన్నాడు, ఆ ఒక్కసారికి మాట మీద నిలబడి ఆపాడు కూడా. ఆవిడ దిగి రాయి పక్కన నిలబడి, చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, లోయ వైపు చూస్తూ మాట్లాడింది. "అన్నయ్యగారూ, పిల్ల నర్సయింది. అబ్బాయి మంచివాడు, మీలాగే తక్కువ మాట్లాడతాడు. మా ఆడపడుచు బాగానే ఉంది. మీరు చేసిన బెంచీ మా వసారాలో ఇంకా గట్టిగా ఉంది." నేను పక్కన నిలబడ్డాను. టోపీ తీశాను. ఆవిడ ఏడుస్తుంటే భుజం మీద చెయ్యి వేశాను.

అది బావ పోయిన చోటు కాదు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నేను ఏం చెప్పానంటే, "పద, చలిగా ఉంది" అన్నాను. డ్రైవరుతో, "కాస్త గట్టిగా పోనివ్వు" అన్నాను. ఆవిడకి మా మేస్త్రీ నిచ్చెన మీద నిద్రపోయిన కథ అందుకున్నాను. ఆవిడ నవ్వింది. మూడు మలుపులు తిరిగాం. నవ్వుతూనే కిటికీలోంచి అలవాటుగా చదివింది.

"నలభై ఏడు."

ఆగి, "ఏమిటీ? నలభై ఏడా? ఆపు బాబూ, ఆపు" అంది.

కారు ఆగింది. ఆవిడ దిగింది. నేను దిగలేదు.

"ఏవండీ, ఇందాక మనం నిలబడ్డది ఏ రాయి దగ్గర?"

"నలభై ఏడు."

"మరి ఇదేమిటి?"

"నలభై ఏడు."

"రెండెలా ఉంటాయండీ?"

డ్రైవరు నవ్వి, "గవర్నమెంటు వాళ్లకి లెక్కలెక్కడ వస్తాయండీ పెద్దమ్మా! ఈ దారిలో వందసార్లు పోయాను, నేనూ చూడలేదు" అన్నాడు.

గవర్నమెంటు కాదు బాబూ, నేనే రాశాను అనాలి. అనలేదు. ఆవిడ అటు చూసింది. అక్కడ రాతి పిట్టగోడలో పదడుగుల మేర మాత్రం సిమెంటుతో తర్వాత కట్టినట్టు ఉంది. ఎదురుగా కొండకి పొడుచుకొచ్చిన బండ ఉంది, నువ్వు ఎన్నోసార్లు చెప్పినట్టే, ఒంటె మూపులా. ఆవిడ ఆ బండని చూసింది. తర్వాత రాయి మీది నాలుగు తోకని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను కథ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోవడం మా పెళ్లయ్యాక ఆవిడ మొదటిసారి విన్నది. తిరిగొచ్చి నా పక్కన కూర్చోలేదు, ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. అక్కడి నుంచి శిఖరం దాకా ఒక్క రాయి కూడా పైకి చదవలేదు.

ఇక్కడ దిగాక ఒక్క మాట అడిగింది. "చెప్పండి" అంది. ఆవిడకి చెప్పిందే నీకు రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఆరు. రోజుకి ఎనిమిది పది రాళ్లు రాసేవాణ్ని. నలభై ఏడు పూర్తయ్యేసరికి వాన, దాని వెంట మంచు. మర్నాడు పొద్దున మంచులోనే పైరాయి దగ్గరికి పోయి మొదలుపెట్టాను. నిన్న ఎంతవరకు రాశాను? వెనక్కి కిలోమీటరు నడిచి చూస్తే తెలిసేది. బద్ధకించాను. నలభై ఆరు దగ్గర ఆపానని నా మనసు చెప్పింది, చెయ్యి నలభై ఏడు రాసేసింది. అక్కడి నుంచి వరసగా పోయాను. శిఖరం మీద రాయి ఒకటి అంతకుముందే చెక్కి నిలబెట్టి ఉంది, డెబ్భై ఒకటి అని. నేను దాని దగ్గరికి చేరేసరికి నా వెనక రాయి అరవై తొమ్మిది. మధ్యలో డెబ్భై లేదు.

ఆ రాయి ఇప్పుడు నేను కూర్చున్న చోటికి ఎదురుగానే ఉంది.

ఇరవై మూడు రాళ్లు గీకి మళ్లీ రాయాలి, అంటే మూడు రోజుల పని. మర్నాడే పెద్ద ఇంజనీరు చూడటానికి వస్తున్నాడు. తప్పు ఒప్పుకుంటే మేస్త్రీ తీసేస్తాడు. రోజూ పోయేవాళ్లు రాళ్ల వంక చూడరు, ఎప్పుడో పోయేవాళ్లు లోయనే చూస్తారు, ఎవరు లెక్కపెడతారులే అనుకున్నాను. ఇంజనీరు వచ్చాడు, శిఖరం మీద దిగి, "రాత బాగుందయ్యా" అని భుజం తట్టాడు. ఆ తట్టుడుకి పొంగిపోయి ఆ వారం ఎవరు కనిపించినా చెప్పుకున్నాను. నువ్వు చిన్నపిల్లవి, నీకూ చెప్పాను. తర్వాత మరిచిపోయాను. చెల్లాయ్, నిజంగా మరిచిపోయాను. పాతికేళ్లు.

బావ తను చేసిన బడి బెంచీలు వేసుకుని మీ ఊరి నుంచి వ్యానులో దిగుతూ, పిట్టగోడని పగలగొట్టి ఎదురుగా ఉన్న ఆ బండకి గుద్దుకున్నాడు. బెంచీలు ముందుకొచ్చి కాళ్లు ఇరుక్కున్నాయి. స్పృహ ఉంది. అటుగా దిగుతున్న కారు వాళ్లు ఆగితే, ఆయనే కిటికీలోంచి రాయి చూసి చెప్పాడట, "నలభై ఏడో రాయి దగ్గర అని చెప్పండి, త్వరగా రమ్మనండి" అని. వాళ్లు కిందికి పోయి చెక్‌పోస్టులో చెప్పారు. అక్కడి జీపు బయలుదేరింది. కింది నుంచి వచ్చేవాడికి ముందు తగిలేది కింది నలభై ఏడు. అక్కడెవరూ లేరు. మంచులో లోయలోకి దిగి రెండు గంటలు వెతికాడట. అక్కడికి మూడు మలుపుల పైన బావ ఉన్నాడు. చివరికి నూనె ట్యాంకరు వాళ్లు చూసి తీసుకొచ్చారు. గంట ముందు తెస్తే అన్నాడు డాక్టరు. ఆ మాట నువ్వు విన్నావు, నేనూ విన్నాను.

ఆసుపత్రి వరండాలో ఆ జీపు డ్రైవరు నా చెయ్యి పట్టుకున్నాడు. మోకాళ్ల దాకా బురద. "అన్నా, నేను పోయాను. నలభై ఏడు దగ్గర ఎవరూ లేరు. రాయి మీద చెయ్యి పెట్టి నిలబడి అరిచాను. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ట్యాంకరు వాళ్లేమో, నలభై ఏడు దగ్గరే దొరికాడన్నారు. అందరూ ఆయన వంక చూశారు. నాకు ఆ క్షణాన, ఆ వరండాలో, నలభై నాలుగేళ్ల కిందటి మంచు మొత్తం గుర్తొచ్చింది. లెక్క తప్పు రాశాను, అప్పటికి అది పాతికేళ్ల కిందటి మంచు. చూశావా, అంకెలు నాకు ఇంకా అచ్చిరాలేదు. కొట్టివేయడం లేదు, ఉండనివ్వు.

నేను నా చెయ్యి లాక్కున్నాను.

పదో రోజున నువ్వు నన్ను అర్జీ రాసిపెట్టమన్నావు. "నీ రాత బాగుంటుంది అన్నయ్యా" అన్నావు. రాశాను. 'సదరు డ్రైవరు ఘటనాస్థలానికి పోనే పోలేదు' అన్న వాక్యం నువ్వు చెప్పింది కాదు, నేను పెట్టింది. నువ్వు కింద సంతకం చేశావు. ఆయన ఉద్యోగం పోయింది. కింద ఊళ్లో తలెత్తుకోలేక భార్య పుట్టింటికి, అంటే మీ ఊరికి, వచ్చి పంక్చర్లు వేసుకుంటున్నాడు. నువ్వు నీ సైకిలు ట్యూబు కోసం పక్క ఊరికి పోతావు. ఎన్నడూ ఒక్క మాట తిరిగి అనలేదట ఆయన. ఆ సంగతి కూడా నువ్వే రాశావు, తప్పు చేసినవాడికి నోరెలా లేస్తుందని.

నువ్వు ఏటా ఆ చోటికి వెళ్తావు. పైనుంచి దిగుతావు కాబట్టి అసలు చోటే ముందు తగులుతుంది, అక్కడే నిలబడి వెనక్కి తిరుగుతావు. ఇంకొక్క కిలోమీటరు దిగితే నీకే తెలిసిపోయేది. ఏటా ఆ రోజు నేను మా ఇంట్లో అన్నం మానేసి కూర్చునేవాణ్ని. అది బావ మీద ప్రేమ అని మీ వదిన అనుకునేది. ప్రేమ కూడా ఉంది. అది ఎంత శాతమో అడగకు.

బావ పోయిన నెలకి డబ్బాలో నల్లరంగు పోసుకుని బస్సులో ఆ పై నలభై ఏడు దగ్గర దిగాను. సరిదిద్దడానికి వెళ్లానో, ఆ జీపు డ్రైవరు చెప్పిన నిజానికున్న ఒక్క సాక్ష్యాన్నీ చెరపడానికి వెళ్లానో నాకే తెలియదు. మూత తీశాను. ఎదురుగా బస్సు వచ్చింది, మూత పెట్టి ఎక్కేశాను. మళ్లీ ఆ దారి తొక్కలేదు. నీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ చెప్పాలనే వచ్చాను. నువ్వు గుమ్మంలోనే, "అన్నయ్యా, ఏదన్నా నవ్వించేది చెప్పు, నవ్వి ఎన్నాళ్లయిందో" అనేదానివి. చెప్పేవాణ్ని. నువ్వు నవ్వేదానివి. నీకు చెప్పిన కథలన్నీ ఈ ఒక్కటి చెప్పకుండా ఉండటానికే చెప్పాను.

మీ వదిన అంతా విని అరవలేదు. అరిస్తే బావుండేది. "మరి నేను ఇందాక ఎవరితో మాట్లాడాను అక్కడ? నా భుజం మీద చెయ్యి కూడా వేశారే" అంది. నువ్వే మెల్లగా చెల్లాయికి చెప్పవూ అని ఆవిడ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "నేను నా నోటితో చెప్పను. మీ చేత్తో చేశారు, మీ చేత్తోనే రాయండి. పెళ్లయ్యాక చెబుదాం అంటారేమో, అప్పుడు ఆ సంతకం కూడా దొంగదవుతుంది" అంది. పెళ్లయ్యాక చెబుదామనే అనబోయాను. ఆవిడ నాకంటే ముందు నా మాటలు విని కూర్చుంటుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. పిలువు. నువ్వే స్వయంగా వెళ్లి పిలువు. వస్తాడో రాడో అది ఆయన ఇష్టం. ఈ కాగితాలు ఆయన చేతికి ఇవ్వు, నువ్వు చదివాక. నీ సంతకంతో పోయిన ఆ అర్జీ నీ తప్పు కాదని ఆయనకి తెలియాలి. రోడ్ల ఆఫీసుకి ఇంకో ఉత్తరం రాస్తాను, క్యాలెండరులో ఇంకా నెలలు మిగిలాయి. పిల్లకి చెప్పాలా, ఈ రాత్రే చెప్పాలా, నాకు తెలియడం లేదు. ఇన్నాళ్లూ అన్నిటికీ నన్నే అడిగావు, ఇది మాత్రం నన్ను అడగకు.

నా సంగతి. మూడింటికల్లా మీ వీధి చివర, సైకిళ్లు పెట్టే చోట కారు ఆపిస్తాను. మీ వదిన వచ్చి ఈ ఉత్తరం నీకిస్తుంది. నేను కార్లోనే కూర్చుంటాను, కిటికీ అద్దం దించి. నువ్వు వచ్చి తిట్టినా సరే, ముఖం మీద కొట్టినా సరే. రావద్దని కబురంపినా కాసేపు అక్కడే కూర్చుంటాను, నువ్వు మనసు మార్చుకుంటావేమోనని. సిగ్గు లేకుండా బతిమాలుతున్నాను చెల్లాయ్. నేను తప్పక రావాలని కాదు. ఆ గడిలో సంతకం పెట్టే అర్హత లేదని నాకు తెలుసు. హాల్లో చివరి వరసలో, కుర్చీ లేకపోతే గోడకి ఆనుకుని నిలబడి, పిల్ల నవ్వుతుంటే ఒక్కసారి చూసి పోతాను. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు అని రాయబోయి ఆపేశాను. నీకు బావ ఉండేవాడు కదా.

మోకాలు ఎలా ఉందని నిజంగా అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఈ బెంచీ మీద నుంచి లేవలేకపోతున్నాను.

ఇట్లు,
ఆ రెండు రాళ్లూ, ఆ అర్జీ, ఈ ఉత్తరం ఒకే చేత్తో రాసిన
మీ అన్నయ్య

తా.క. బానెట్ మూసిన చప్పుడుకి మీ వదిన లేచి వచ్చింది. నిలబడే మొత్తం చదివింది. ఏమీ దిద్దలేదు. కారు డిక్కీ తీసి, బోర్డు అందులోనే ఉంచి, నా సంచి ఒక్కటీ దింపి బెంచీ మీద పెట్టింది. దుకాణం ఆవిడతో ఏదో మాట్లాడి, నాకు రెండు పూటలా భోజనం పెట్టమని చెప్పింది. డ్రైవరు, "తాతగారు రారా?" అని అడిగాడు. ఆవిడ వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. ఉత్తరం కోసం కిటికీలోంచి చెయ్యి చాపింది.